కెంట్ పబ్బుల యాత్రకు బయల్దేరే ముందు

చిరంజీవి కిరణ్‌కి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. ఒక్క వీకెండ్‌లో కెంట్ కౌంటీలో ఇరవై రియల్ ఏల్ పబ్బులా! సగం ఇప్పుడే కొట్టెయ్. మిగిలినవాటిలో కూడా రోజుకి మూడు, మహా అయితే నాలుగు చాలు. నువ్వు తాగలేవని కాదు. నాలుగోది దాటాక నాలుకకి ఏ బీరైనా ఒకటే. ఆమాత్రం దానికి లండన్‌లో మీ వీధి చివరి పబ్బు సరిపోతుంది, రైలు ఖర్చు కూడా మిగులుతుంది.

ముందు సరుకు గురించి తెలుసుకో. రియల్ ఏల్ అనే ఈ బీరు పబ్బుకి చేరేటప్పటికి పీపాలో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది. దాన్ని వడకట్టరు, పాశ్చరైజ్ చెయ్యరు. సెల్లార్‌లో, ఆ పీపాలోనే రెండోసారి పులుస్తుంది. బయటి గ్యాస్‌తో నెట్టకుండా, కౌంటర్ మీదున్న పంపు పొడుగాటి పిడి లాగి గ్లాసులో పోస్తారు, లేదంటే పీపాకున్న కుళాయి తిప్పి పడతారు. మన తాటికల్లులాగే ఇదీ ప్రాణమున్న సరుకు, దాని టైము దానికుంటుంది. కాకపోతే కల్లుకి ఒక పూట, దీనికి పీపా తెరిచాక సుమారు మూడు రోజులు. ఆ తర్వాత గాలి తగిలి చప్పబడుతుంది, ఆపైన పులుపెక్కుతుంది.

అందుకే పంపులు ఎక్కువున్న పబ్బు గొప్పదనుకోకు. చిన్న పీపాని ఫర్కిన్ అంటారు. 9 గ్యాలన్లు, అంటే 72 పైంట్లు (పైంటంటే ఇక్కడి ఒక పెద్ద గ్లాసు). మంగళవారం మధ్యాహ్నం నలుగురు కూర్చున్న పబ్బులో ఎనిమిది పంపులుంటే ఆ పీపాలు ఎన్నాళ్లకి ఖాళీ అవుతాయో నువ్వే లెక్క వేసుకో. రెండే రకాలు పెట్టి, నిండుగా జనం ఉన్న చోటే నేను ముందు కూర్చుంటాను. శుక్ర, శనివారాల్లో వెళ్లమనేది కూడా ఇందుకే. పైగా చిన్న పబ్బులు చాలావరకు సోమవారం తెరవరు.

కొత్తలో మనవాళ్లందరూ అనే మాట నువ్వూ అంటావు: ‘వెచ్చగా ఉంది, గ్యాస్ లేదు’ అని. వెచ్చగా ఏమీ ఉండదు. సెల్లార్‌ని 11 నుంచి 13 డిగ్రీల్లో ఉంచుతారు. ఫ్రిజ్‌లోంచి తీసిన బీరుకి అలవాటుపడ్డ నాలుకకి అలా అనిపిస్తుందంతే. మొదటి గ్లాసు తొందరపడకుండా తాగు. కానీ వెనిగర్ వాసన వస్తే మాత్రం మొహమాటపడకు. సగం తాగేశాక కాదు, ఒక గుక్క తాగగానే కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లి మెల్లగా చెప్పు. మంచి పబ్బులో మారుమాట లేకుండా మార్చి ఇస్తారు.

రమ్య కూడా వస్తోందన్నావు. తను శాకాహారి కాబట్టి ఒక సంగతి ముందే చెప్పు. ఏల్ తేటపడటానికి చాలా బ్రూవరీలు ఐసింగ్లాస్ కలుపుతాయి. అది చేపల గాలితిత్తి నుంచి తీసేది. అది వేయని రకాలూ ఉంటాయి, ‘అన్‌ఫైన్డ్ ఏది?’ అని అడిగితే చూపిస్తారు. అవి కాస్త మసకగా ఉండొచ్చు, దానికి కంగారుపడక్కర్లేదు. తిండి సంగతీ చూసుకోండి. చిన్న పబ్బుల్లో చిప్స్ ప్యాకెట్టు, పోర్క్ స్క్రాచింగ్స్ (వేయించిన పంది చర్మం ముక్కలు) తప్ప పెద్దగా ఏమీ దొరకవు. ముందే కడుపునిండా తిని బయల్దేరండి.

మొదటి రోజు ఫావర్షమ్ పెట్టుకోండి. లండన్ నుంచి నేరుగా రైలుంది. 1698 నుంచి నడుస్తున్నామని చెప్పుకునే షెపర్డ్ నీమ్ బ్రూవరీ ఊరి మధ్యలోనే ఉంది. వాళ్ల పబ్బులో మాస్టర్ బ్రూ తాగు. అందరూ వాళ్లదే ఇంకో ఏల్, స్పిట్‌ఫైర్ అంటారు గానీ, నా ఓటు దీనికే. తేలిగ్గా, చేదుగా ఉంటుంది, బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు, ఈ కెంట్ హాప్స్ ఎలా ఉంటాయో తెలుస్తుంది. తర్వాత క్రీక్ (సముద్రపు పాయ) గట్టు వెంబడి హాలోషోర్‌లోని షిప్‌రైట్స్ ఆర్మ్స్ దాకా నడవండి. చుట్టూ బురదనేల, పడవలు, మధ్యలో ఆ పబ్బు. వాన పడితే ఆ దారిలో బూట్లు కూరుకుపోతాయి. ఆ రోజు తెరుస్తారో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరండి.

రెండో రోజు మైక్రోపబ్బులు. ఈ ముచ్చట పుట్టింది కెంట్‌లోనే. పబ్బుల లైసెన్సులు మేజిస్ట్రేట్ల చేతుల్లోంచి లోకల్ కౌన్సిళ్ల చేతికి వచ్చిన 2005లోనే, మార్టిన్ హిలియర్ అనే ఆయన హెర్న్ ఊళ్లో ఒకప్పటి మాంసం కొట్టులో బుచర్స్ ఆర్మ్స్ తెరిచాడు. మన ఊళ్లో కిరాణా కొట్టంత గది. టీవీ ఉండదు, పాటలుండవు, పీపాలు, బెంచీలు, మాటలు. తర్వాత దేశమంతా అలాంటివి వెలిశాయి. కాంటర్‌బరీ నుంచి హెర్న్ బే వెళ్లే దారిలోనే ఆ ఊరు. హెర్న్ బే నుంచి తీరం వెంట మార్గేట్, బ్రాడ్‌స్టెయిర్స్, రామ్స్‌గేట్ రైల్లోనే చుట్టెయ్యొచ్చు. ఆ మూడు ఊళ్లలోనూ మైక్రోపబ్బులకి కొదవ లేదు. ఫోన్లు జేబులో పెట్టుకోండి. పక్కనున్న ముసలాయన మీది ఏ ఊరని తప్పకుండా అడుగుతాడు. ఇక్కడే పుట్టిన మా అబ్బాయినీ అడుగుతారు! చాలామట్టుకు అది మాట కలపడానికే. జవాబు చెప్పి, ఈ చుట్టుపక్కల ఇవాళ ఏల్ ఎక్కడ బాగుందని తిరిగి అడుగు. 1971 నుంచి రియల్ ఏల్ కోసం పోరాడుతున్న కామ్రా సంస్థ ఏటా వేసే గైడు మంచిదే. కానీ ఆ పొద్దున ఏ పీపా తెరిచారో గైడుకేం తెలుసు!

ఎప్పుడూ హాఫ్, అంటే అర పైంటే అడుగు. నామర్దా ఏమీ కాదు. 4 శాతం ఉన్న ఒక పైంట్‌లోనే 2.3 ఆల్కహాల్ యూనిట్లుంటాయి, వారానికి 14 దాటొద్దని ఇక్కడి డాక్టర్లు చెబుతారు. ఎవరైనా రౌండ్ (అందరికీ తలో గ్లాసు) కొంటానంటే థాంక్స్ చెప్పి తప్పుకో, లేకపోతే వాళ్ల స్పీడులో నువ్వు తాగాల్సి వస్తుంది. కారు తేవద్దు. ఇంగ్లండ్‌లో పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాములు, మన దేశంలో 30. ఎక్కువ ఉంది కదా అని లెక్కలు వేసుకోకు.

నెల ఎంచుకునే వీలుంటే సెప్టెంబరు చివర రండి. అప్పుడు హాప్స్ కోత. కోసినవాటిని ఎండబెట్టకుండా పచ్చివే వేసి కాచిన గ్రీన్ హాప్ ఏల్ ఆ కొద్ది వారాలే దొరుకుతుంది. టన్‌బ్రిడ్జ్ వెల్స్ వైపు పల్లెలు ఈసారికి వదిలెయ్. అక్కడ ఆదివారం బస్సు దొరకడం కష్టం.

ఆదివారాలు రైలు పట్టాల పనులుంటాయి, ముందురోజు రాత్రే టైములు మళ్లీ చూసుకోండి. శనివారమైతే ఫావర్షమ్ స్టేషన్‌కి నేనూ వస్తాను. హాలోషోర్ దాకా నడవడం మాత్రం నా మోకాళ్ల వల్ల కాదు, మీరు తిరిగొచ్చేదాకా ఊళ్లోనే కూర్చుంటాను. ఏ శనివారమో మీ పెద్దమ్మకి చెప్పు, పులిహోర కట్టిస్తుంది.

మీ పెదనాన్న