పేరు లేని తెల్ల డబ్బీ

ప్రశ్న: పిన్నిగారూ, మాది గుణుపురం. నాకు 24 ఏళ్ళు. మాఘమాసంలో అక్క పెళ్ళికని పార్లర్‌లో ఒక తెల్ల క్రీము ఇచ్చారు. చిన్న ప్లాస్టిక్ డబ్బీ, పైన అక్షరం ముక్క లేదు. పదిహేను రోజుల్లో ముఖం తేటబడింది, పెళ్ళిలో అందరూ అడిగారు. అయిదు నెలలుగా రాస్తున్నాను. ఇప్పుడు ఒక్క రోజు మానితే ముఖం ఎర్రబడి మండుతోంది. బుగ్గల మీద నూగు వెంట్రుకలు వచ్చాయి. మళ్ళీ రాస్తే మంట తగ్గుతోంది. అమ్మ కూడా మంగుమచ్చలకి అదే రాస్తోంది. మానాలా, వద్దా?

జవాబు: అమ్మాయీ, "మళ్ళీ రాస్తే తగ్గుతోంది" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. స్టెరాయిడ్ కలిసిన క్రీము చేసే పని అచ్చంగా ఇదే. అది చర్మం కింద సన్నటి రక్తనాళాల్ని ముడిచేస్తుంది, అందుకే ముఖం పాలిపోయి తెల్లగా కనిపిస్తుంది. రోజూ రాస్తుంటే చర్మం పల్చబడుతుంది, వెంట్రుకలు మొలుస్తాయి, మొటిమలు లేస్తాయి. మానగానే ఆ నాళాలు ఒక్కసారిగా విప్పారి ముఖం భగ్గుమంటుంది. క్రీము మానడం వల్లే ఇలా అయిందనుకుని మళ్ళీ డబ్బీ తీస్తారు.

నీకు ఒక సంగతి చెప్పాలి. రాయగడలో ముప్ఫై ఏళ్ళు మందుల షాపు నడిపాను. తెలుగు, ఒడియా, కువి, మూడు భాషల్లోనూ నన్ను అడిగింది ఒకటే: "తెల్లబడే క్రీము ఉందా?" ఒకప్పుడు నేను కూడా హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్ అనే స్టెరాయిడ్, మూడూ కలిసిన ట్యూబు చీటీ అడక్కుండా ఇచ్చాను. అది మంగుకి డాక్టరు కొన్ని వారాలకి రాసే మందు, ఫెయిర్‌నెస్ క్రీము కాదు. ఒక కాలేజీ పిల్ల రెండేళ్ళు నా దగ్గరే కొనుక్కుంది. చివరిసారి వచ్చినప్పుడు వెలుతురులో చూశాను. రెండు బుగ్గల మీదా ఎర్రటి సన్న గీతలు, బీటలు వారిన గాజులా. ఆ ముఖం నేను మర్చిపోలేదు. 2018 మార్చిలో ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, చీటీ లేకుండా అమ్మకూడదంది. నేను అంతకుముందే మానేశాను, కానీ ఆ పిల్లకి అప్పటికే ఆలస్యమైంది.

డబ్బీ మీద పేరు లేదు గనక స్టెరాయిడ్ ఒక్కటే అని ఒట్టు పెట్టలేను. నన్ను ఇంకా ఎక్కువ భయపెట్టేది పాదరసం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని పాదరసపు లవణాలు ఆపేస్తాయి, అందుకే దొంగ తయారీదార్లకి అది చవకైన దారి. చర్మం గుండా ఒంట్లోకి పోయి కిడ్నీల్లో చేరుతుంది. కేరళలో 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు వరకు మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని డాక్టర్లు పరిశీలిస్తే, 15 మందిలో ఆ జబ్బులో అరుదుగా కనిపించే ఒక రకం బయటపడింది. వాళ్ళలో 13 మంది ముఖం తెల్లబడే క్రీములు వాడినవాళ్ళే. మన చట్టం ప్రకారం ముఖానికి రాసే క్రీములో పాదరసం కలపకూడదు. పొరపాటున చేరినా పది లక్షల భాగాల్లో ఒక భాగం మించకూడదు. పేరే లేని డబ్బీని ఎవరు కొలిచారమ్మా?

అందుకని క్రీము ఈ రోజే మానెయ్. అమ్మ చేత కూడా మానిపించు. మంట వస్తుంది, కొన్ని వారాలు ఉంటుంది, మనసు గట్టిచేసుకో. చల్లటి తడిగుడ్డ, వాసన లేని మామూలు మాయిశ్చరైజర్, ఎండలోకి వెళ్తే గొడుగు. నిమ్మరసం, టూత్‌పేస్టు, బేకింగ్ సోడా ఏవీ ముఖం దగ్గరికి రానీయకు. డబ్బీని పారేయకుండా మూత బిగించి, ప్లాస్టిక్ కవర్లో కట్టి చర్మ వైద్యులకి చూపించు. బరంపురం, కొరాపుట్ రెండుచోట్లా మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి. వైజాగ్ రైలు నీకు ఎలాగూ దగ్గరే. ఇద్దరూ మూత్ర పరీక్ష చేయించుకోండి. అందులో ప్రొటీన్ పోతోందా అని అడగండి, పాదరసం పరీక్ష సంగతి కూడా ఎత్తండి. మూత్రం నురగలు కక్కుతున్నా, పొద్దున లేచేసరికి కళ్ళ కింద, చీలమండల దగ్గర వాపు ఉన్నా ఇక రేపటి దాకా ఆగొద్దు. ఇంట్లో చిన్నపిల్లలుంటే నీ తువ్వాలు, దిండు గలేబు వాళ్ళకి తగలనీయకు. పాదరసం గుడ్డల మీది నుంచి చేతులకి, చేతుల నుంచి నోటికి పోతుంది. వీటిని ఉతికి, వేరుగా పెట్టు.

ఇకముందు ఏది కొన్నా ముందు వెనక్కి తిప్పి చూడు. తయారీదారు పేరు, ఊరి చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో ఉండాలి. బయటి దేశపు సరుకైతే దిగుమతిదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. కేలోమెల్, మెర్క్యూరస్ క్లోరైడ్, మెర్క్యూరిక్ అయొడైడ్, అమ్మోనియేటెడ్ మెర్క్యురీ అని ఉంటే అది పాదరసమే. "వెండి, బంగారు నగలకి తగలనీయకండి" అని హెచ్చరిక ఉన్న క్రీమునీ అక్కడే వదిలెయ్. బెటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ అన్న స్టెరాయిడ్ల పేర్లు కనిపిస్తే డాక్టరు చీటీ ఉందా లేదా చూసుకో. లేబుల్ ఇంగ్లీషులో ఉండి, అమ్మ ఒడియా మాత్రమే చదవగలదంటే, షాపువాడి చేత బిగ్గరగా చదివించుకోమను. మొహమాటం వద్దు.

ప్రశ్న: మాది జయపురం. ఒడియా కోడలు వచ్చాక మా ఇంట్లో అందరం పాపిట్లో సింధూరం పెడుతున్నాం. నాకు పాపిట దురద. మనవడు నా సింధూరం భరిణె నోట్లో పెట్టుకున్నాడు. ప్రమాదమా?

జవాబు: అమ్మా, మనవణ్ణి ఈ వారమే పిల్లల డాక్టరుకి చూపించి, రక్తంలో సీసం పరీక్ష అడగండి. మన పాత వైద్యంలో సింధూరం అంటే సీసం నుంచి చేసే ఎర్రటి పొడి, ఇంగిలీకం అంటే పాదరసం, గంధకం కలిసినది. ఇప్పుడు అమ్మే పొడులన్నీ అవే అనను గానీ, విడిగా కాగితంలో కట్టిచ్చే మెరుపు నారింజ పొడిని నేను నమ్మను. పిల్లల ఒంట్లో సీసానికి "ఇంతవరకు ఫరవాలేదు" అన్న హద్దు లేదు. మా అత్తగారు పసుపు కొమ్ముల్ని నిమ్మరసంలో వెలిగారం, పటిక వేసి నానబెట్టి, నీడన ఆరబెట్టి దంచేవారు. ఆ కుంకుమ ముదురు ఎరుపు, కాస్త మట్టిరంగు తగిలేది, జిగేల్మనేది కాదు. మీ కోడలిదీ మీదీ ఆచారం చెడదు, పొడి మార్చండి, భరిణె పైన గూట్లో పెట్టండి.

ప్రశ్న: సల్ఫేట్, పారాబెన్ లేని షాంపూ అని రెట్టింపు ధర అడుగుతున్నారు. కొనాలా? హెర్బల్ నల్ల మెహందీ మంచిదేనా? (పర్లాకిమిడి నుంచి ఒక టీచరు)

జవాబు: టీచరుగారూ, సల్ఫేట్ విషం కాదు, జిడ్డు ఎక్కువ లాగేస్తుంది. మీ తల పొడిబారుతుంటే మార్చండి, లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి. పారాబెన్లు సరుకు పాడవకుండా వేసే నిల్వ మందులు, వాటిలో అయిదింటిని ఐరోపా 2014లో నిషేధించింది. మిథైల్, ప్రొపైల్ రకాలు హద్దుల్లో ఇంకా అనుమతిలోనే ఉన్నాయి. నిల్వ మందు లేని నీటి క్రీములో బూజు పడుతుంది. శనగపిండి, పెరుగు అప్పటికప్పుడు కలుపుకుంటే మంచిదే, కలిపి ఫ్రిజ్‌లో దాచొద్దు.

నల్ల మెహందీ మాత్రం పిల్లల చేతికి పెట్టించొద్దు. గోరింటాకు ఎర్రగానే పండుతుంది. అరగంటలో నల్లబడిందంటే అందులో జుట్టురంగులో వాడే పారాఫినైలీన్ డయామీన్ ఉంది. పెట్టిన ఆకారంలోనే బొబ్బలెక్కిన చిన్న చెయ్యి నా షాపు గల్లా మీద పెట్టారొకసారి, తామరతీగ ముగ్గు ముగ్గులాగే పొంగి ఉంది. ఒకసారి పడకపోతే ఆ పిల్ల పెద్దయ్యాక జుట్టుకి రంగు వేసుకున్నా ముఖం వాచిపోవచ్చు. మీ బళ్ళో పండగకి గోరింటాకు రుబ్బించండి, ఆకు మా పెరట్లో ఉంది, కబురు చేస్తే పంపిస్తాను.