కొత్త బైకు, ఐదు రిపేర్లు: డబ్బు వాపసు అడగవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటూ ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. ఎనిమిది నెలల క్రితం ఇక్కడి షోరూంలో లోను మీద కొత్త బైకు కొన్నాను. రెండో నెల నుంచే ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడెక్కితే చాలు, ఉన్నట్టుండి ఆగిపోతోంది. ఒకసారి సిల్క్ బోర్డు ఫ్లైఓవర్ మీద, వెనక బస్సు వస్తుండగా ఆగింది. ఐదుసార్లు సర్వీసుకు ఇచ్చాను. ఫ్యూయల్ పంపు మార్చారు, తర్వాత ఏదో సెన్సర్, ఆ తర్వాత ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్). ఇంటికి తెచ్చుకున్న వారానికే మళ్ళీ మామూలే. ఇప్పుడేమో పెట్రోలు కల్తీ అంటున్నారు. సాయంత్రాలు ఫుడ్ డెలివరీ చేస్తానని తెలిసి, కమర్షియల్ వాడకానికి వారంటీ రాదనీ అంటున్నారు. మూడుసార్లు రిపేరు చేసినా బాగుపడకపోతే కొత్త బండి ఇవ్వాలని చట్టం ఉందట కదా? ఈఎంఐ ఆపేసి, బండిని షోరూంలోనే వదిలేద్దామనుకుంటున్నాను.

జవాబు: ముందు ఆ చివరి ఆలోచన మానుకోండి. బండిలో లోపానికీ లోను ఇచ్చిన సంస్థకూ సంబంధం లేదు. వాయిదాలు తప్పితే మీ సిబిల్ స్కోరు పడిపోతుంది, బండిని వాళ్ళు పట్టుకుపోతారు. అప్పుడు లోపం ఇదీ అని చూపించడానికి మీ దగ్గర బండే ఉండదు. నడపడానికి భయంగా ఉండి సర్వీస్ సెంటర్‌లో ఉంచాలనుకుంటే ఉంచండి. కానీ ‘ఈ కారణంగా, ఈ తేదీ నుంచి ఉంచుతున్నాను, అంతవరకు వేరే బండి ఏర్పాటు చేయండి’ అని ఈమెయిల్ పెట్టి మరీ ఉంచండి. చెప్పాపెట్టకుండా వదిలేస్తే రేపు పార్కింగ్ చార్జీలు మీ నెత్తినే వేస్తారు.

మూడు రిపేర్ల చట్టం మన దేశంలో లేదు. అమెరికా రాష్ట్రాల్లో అలాంటి చట్టాలున్నాయి, ఆ మాట ఫోన్లలో తిరుగుతూ మన దాకా వచ్చింది. మనకున్నది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. అందులో రిపేర్లు ఇన్ని అని లెక్క ఏమీ లేదు. వస్తువుకు ఉండాల్సిన నాణ్యతలో, పనితీరులో లోటుంటే అది లోపమే అంటుంది సెక్షన్ 2(10). లోపం రుజువైతే దాన్ని సరిచేయమనీ, వస్తువు మార్చమనీ, డబ్బు తిరిగి ఇమ్మనీ, నష్టపరిహారం చెల్లించమనీ ఆదేశించే అధికారం సెక్షన్ 39 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఉంది.

రుజువు ఎలా? మీ ఉత్తరంలో నాకు కనిపించిన పెద్ద లోటు ఇక్కడే ఉంది. ఐదుసార్లు ఇచ్చానన్నారు గానీ, ఆ ఐదు జాబ్ కార్డుల్లో, అంటే బండి ఇచ్చినప్పుడు సర్వీస్ సెంటర్ మీ ఫిర్యాదు రాసుకునే కాగితాల్లో, ఏం రాసి ఉందో చెప్పలేదు. ఇలాంటి కేసు గెలిచేదీ ఓడేదీ చాలావరకు ఆ కాగితాల మీదే. సర్వీస్ అడ్వైజర్ ‘జనరల్ చెకప్’ అని రాసుకుంటాడు, మీరు ఆఫీసు తొందరలో సంతకం పెట్టి వెళ్ళిపోతారు. రేపు కమిషన్ ముందు వాళ్ళ లాయరు అదే కాగితం తీసి, ‘ఇంజిన్ ఆగిపోతోందని ఈయన ఎన్నడూ చెప్పలేదు, ఇవన్నీ మామూలు సర్వీసులు’ అంటాడు. మీకు జరిగినదంతా నిజమే అయినా ఆ నిమిషంలో నోరు పెగలదు.

కాబట్టి ఇకమీదట ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి: ‘ఇంజిన్ వేడెక్కాక నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది, ఇదే ఫిర్యాదుతో ఇది ఆరోసారి’. రాయనంటే బండి తాళం ఇచ్చే ముందే అదే వాక్యం వాళ్ళ ఈమెయిల్‌కు పంపండి. కిలోమీటర్ల రీడింగు, బండి ఇచ్చిన తేదీ, తిరిగి తీసుకున్న తేదీ కార్డులో ఉండాలి. వారంటీ కింద మార్చిన పార్టుకైనా, సున్నా రూపాయలదైనా సరే, బిల్లు అడిగి తీసుకోండి. బీఎస్‌6 బండిలో ఈసీయూ తనకు తెలిసిన లోపాలను కోడ్ల రూపంలో దాచి ఉంచుతుంది. స్కానర్ పెట్టినప్పుడు, ఆ కోడ్లు చెరిపేయకముందే, తెర ఫోటో తీసుకోండి. బండి తిరిగి తీసుకునేటప్పుడు ‘పనితో సంతృప్తి చెందాను’ అన్న చోట ఊరికే సంతకం చేయకండి. ‘సమస్య తీరిందో లేదో నడిపి చూడాలి’ అని పక్కన రాసి చేయండి. పాత కార్డులు మీ దగ్గర లేకపోతే ఈ రోజే ఈమెయిల్‌లో నకళ్ళు అడగండి. ఇంకో మాట: విసిగిపోయి బయటి మెకానిక్ చేత ఇంజిన్ విప్పించకండి. వారంటీ పోవడమే కాదు, లోపం మీరే తెచ్చుకున్నారని అనడానికి వాళ్ళకు దారి దొరుకుతుంది.

కంపెనీ తరఫు వాదన ఎలా ఉంటుందో కూడా తెలుసుకోండి. మారుతి ఉద్యోగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారంటీ ఉన్నది లోపమున్న పార్టు మార్చడానికే గానీ మొత్తం కారు మార్చడానికి కాదని చెప్పి, పార్టుల మార్పుతో పాటు కొంత పరిహారం ఇప్పించింది. మీ మీద మొదట చదివేది ఈ తీర్పే. మీ జవాబు కూడా సిద్ధంగా ఉండాలి: ఇక్కడ పాడైన పార్టు ఏదో వాళ్ళకే తెలియదు. పంపు అన్నారు, సెన్సర్ అన్నారు, ఈసీయూ అన్నారు. అన్నీ మార్చినా అదే జబ్బు తిరగబెట్టింది. ఇక మార్చడానికి ఏ పార్టు మిగిలిందో వాళ్ళే చెప్పాలి. నా దృష్టిలో మీ కేసుకు ప్రాణం ఇదే.

నిపుణుడి నివేదిక లేకుండా తయారీ లోపం అనకూడదని కూడా వాదిస్తారు. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని హ్యుందాయ్ కేసులో 2022లో సుప్రీంకోర్టు, జరిగిన సంగతే లోపాన్ని చెబుతున్నప్పుడు వినియోగదారుడి నుంచి నిపుణుల సాక్ష్యం ఆశించనక్కర్లేదన్న వైఖరి తీసుకుంది. అయినా ఆ ఒక్క తీర్పు మీదే భారం వేయవద్దని నా సలహా. ఫిర్యాదుతో పాటే, బండిని స్వతంత్రంగా పరీక్ష చేయించమని సెక్షన్ 38 కింద దరఖాస్తు పెట్టండి. ఆ ఖర్చు ముందు మీరే కట్టాల్సి వస్తుంది, తర్వాత పరిహారంలో కలిపి అడగవచ్చు.

పెట్రోలు కల్తీ అన్న మాటకు భయపడకండి. ఏ శాంపిల్ తీశారు, ఎక్కడ పరీక్ష చేయించారు, రిపోర్టు ఏదీ అని రాతపూర్వకంగా అడగండి. ఇన్నాళ్ళూ కల్తీ గుర్తుకు రానివాళ్ళు ఇప్పుడంటే దానికి ఆధారం వాళ్ళే చూపాలి. మీరు పెట్రోలు పోయించిన బిల్లులు, యూపీఐ చెల్లింపులు మాత్రం తీసి పెట్టుకోండి.

డెలివరీ సంగతి కాస్త జాగ్రత్తగా చూడాలి. వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారని చట్టం అంటుంది, నిజమే. కానీ స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి మాత్రమే కొని, తానే వాడుకునేది వ్యాపార ప్రయోజనం కిందికి రాదని సెక్షన్ 2(7) వివరణలో ఉంది. మీరు బండిని ముఖ్యంగా ఉద్యోగానికి వెళ్ళిరావడానికి కొన్నారు. సాయంత్రం పూట మీరే నడుపుతూ నాలుగు డబ్బులు తెచ్చుకుంటున్నారు. పది బళ్ళు కొని అద్దెకు తిప్పేవాడి సంగతి వేరు. వారంటీ పుస్తకంలో కమర్షియల్ వాడకం గురించిన షరతు ఉందేమో మాత్రం చదివి చూసుకోండి. ఉన్నా, ఆ వాడకం వల్లే ఇంజిన్ ఆగిపోతోందని వాళ్ళు చెప్పగలగాలి. డెలివరీ మొదలుపెట్టకముందే సమస్య వచ్చి ఉంటే, ఆ తేదీలు చూపించే కాగితాలు బంగారమే. ఏది ఏమైనా డెలివరీ చేస్తున్న మాట దాచకండి. తర్వాత బయటపడితే మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది.

ముందుగా 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయండి. కొన్ని కంపెనీలు అక్కడే దిగివస్తాయి. ఆ తర్వాత డీలరుకూ తయారీ కంపెనీకీ ఇద్దరికీ స్పీడ్ పోస్టులో, ఈమెయిల్‌లో నోటీసు ఇచ్చి పదిహేను రోజులు గడువు పెట్టండి. కేసులోనూ ఇద్దరినీ చేర్చాలి. ఒక్కరినే చేరిస్తే తప్పు రెండోవారిదంటారు.

కేసు మీరు నివసించే చోట కూడా వేయవచ్చు. అనంతపురం తిరిగి వెళ్ళిపోతే అక్కడా వేయవచ్చు. కానీ బండి, డీలరు, సర్వీసు రికార్డు అంతా బెంగళూరులో ఉన్నప్పుడు ఇక్కడి జిల్లా కమిషనే మేలు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. కొన్న ధర 5 లక్షలు దాటనంతవరకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరీ కాదు. కోరికలు మాత్రం అంచెలుగా రాయండి: మొదట వడ్డీతో డబ్బు వాపసు లేదా కొత్త బండి, అది కుదరకపోతే ఉచితంగా పూర్తి మరమ్మతు, వారంటీ పొడిగింపు. ఆటో చార్జీలు, టోయింగ్ ఖర్చు, మానసిక వేదనకు పరిహారం వేరే. కొత్త బండి తప్ప ఏదీ వద్దని భీష్మించుకుంటే ఉట్టి చేతులతో తిరిగి రావాల్సి రావచ్చు.

ఫ్లైఓవర్ మీద ఇంజిన్ ఆగడం డబ్బు గొడవ మాత్రమే కాదు, ప్రాణం మీదికి వచ్చే సంగతి. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 110ఏ ప్రకారం ప్రమాదకరమైన లోపమున్న వాహనాలను వెనక్కి పిలవమని కేంద్రం కంపెనీని ఆదేశించవచ్చు. అందుకు యజమానుల ఫిర్యాదులు కావాలి. వాహన్ పోర్టల్‌లో మీదీ నమోదు చేయండి.

కమిషన్‌లో కేసు వేయడానికి గడువు, సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ళు. హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేసినంత మాత్రాన ఆ గడియారం ఆగదు. ‘ఇంకొక్కసారి చూస్తాం, తీసుకురండి’ అని షోరూం వాళ్ళు అంటే తీసుకెళ్ళండి, కానీ నోటీసు పంపిన తర్వాతే.