ఒక్క కంపెనీని పట్టుకో

తమ్ముడికి ఆశీస్సులు,

నీ వ్యాసం చదివాను. ప్రపంచీకరణ వచ్చి అన్ని దేశాల్లోనూ కార్మికుల హక్కుల్ని ఒకేలా మింగేసిందని మొదటి పేరాలోనే తేల్చేశావు. నీ కోపం నాకు నచ్చింది, ఆ వాక్యం మాత్రం కొట్టెయ్. దేశాలన్నీ వదిలి ఒక్క కంపెనీని పట్టుకో.

జర్మనీ కార్ల కంపెనీ ఫోక్స్‌వ్యాగన్‌నే చూడు. జర్మనీలో 1976 నాటి చట్టం ప్రకారం, రెండు వేల మందికి పైగా పనిచేసే కంపెనీల్లో, యాజమాన్యం మీద కన్నేసి ఉంచే పర్యవేక్షక బోర్డులో సగం సీట్లు ఉద్యోగుల ప్రతినిధులవే. ఫ్యాక్టరీలో కార్మికులు ఎన్నుకున్న మండలి కూడా ఉంటుంది. దాన్ని కాదని యాజమాన్యం షిఫ్టుల వేళలు మార్చలేదు. ఈ కంపెనీకే అమెరికాలో, టెనెసీ రాష్ట్రం చట్టనూగాలో ఒక ప్లాంటుంది. అక్కడా అలాంటి మండలి పెట్టాలనుకుంటే అమెరికా చట్టమే అడ్డొచ్చింది. యాజమాన్యాలు తమ చెప్పుచేతల్లో ఉండే సంఘాలు పెట్టుకోకుండా 1935లో తెచ్చిన చట్టం అది. కార్మికుల మేలు కోరి పుట్టినదే! దాంతో ముందు యూనియన్ గెలిస్తే తప్ప మండలి కుదరదన్న పరిస్థితి వచ్చింది. 2014లో ఓటింగ్ పెడితే అమెరికా కార్ల పరిశ్రమ కార్మికుల యూనియన్ 712–626తో ఓడిపోయింది. కంపెనీ కంటే అక్కడి రాజకీయ నాయకులే యూనియన్‌కి గట్టిగా అడ్డుపడ్డారు. 2019లోనూ ఓటమే. 2024 ఏప్రిల్‌లో 2,628 మంది యూనియన్ కావాలన్నారు, వద్దన్నది 985 మందే.

పదేళ్లలో ఏం మారింది? నీ వ్యాసం ఇక్కడ ఆగాలి, తొందరపడకు. ఆ గెలుపుకి ముందు ఏడాదే, 2023లో, ఆ యూనియన్ డెట్రాయిట్ ప్రాంతపు మూడు పెద్ద కార్ల కంపెనీల్లో సమ్మె చేసి, సుమారు నాలుగున్నరేళ్ల ఒప్పందంలో 25 శాతం జీతాల పెంపు సాధించింది. చట్టనూగా కార్మికులు అది చూశారు.

జర్మనీని స్వర్గంలా మాత్రం రాయకు. 2024 డిసెంబరు ఒప్పందంలో అక్కడి ఫోక్స్‌వ్యాగన్ కార్మికులు 2030 నాటికి 35 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గించడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. కాకపోతే కార్మికులు బేరానికి కూర్చుని, ప్లాంట్లను వెంటనే మూసెయ్యకుండా ఆపగలిగారు. ఆ బేరం నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది.

ఇక మన దగ్గరికి రా. కొరియాలో కియా కార్మికుల యూనియన్ జీతాల మీద కంపెనీతో నేరుగా బేరమాడుతుంది. అదే కియా పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు తయారు చేస్తోంది. షిఫ్టు దిగి వచ్చేవాళ్లతో టీ కొట్టు దగ్గర కూర్చో. పర్మనెంటా, కాంట్రాక్టా, జీతం గురించి ఎవరితో మాట్లాడతారు, ఇబ్బందొస్తే ఎవరి దగ్గరికి వెళ్తారు అని అడుగు. వాళ్ల పేర్లు రాయకు, ఉద్యోగాలకు ముప్పు రావచ్చు. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకుని, రెండో చిత్తుప్రతి నాకు పంపు.

మీ అన్నయ్య