ఫోరెన్సిక్ చదవాలంటే ముందు ఏ సైన్సు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ సెకండియర్. డిగ్రీలో ఫోరెన్సిక్ సైన్సే చేస్తానని పట్టుబట్టింది. కెమిస్ట్రీ అంటే మాత్రం టెన్షన్ పడుతుంది. చేర్పించమంటారా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఆ టెన్షన్ సంగతే ముందు తేలాలండీ. కోర్టు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడానికి రకరకాల సైన్సులు ఒక కప్పు కింద చేరితే ఫోరెన్సిక్ అయింది. లోపల ఎవరి గది వాళ్లదే.

ఒక్క కేసు చూడండి. పురుగుమందు తాగి ఒకాయన చనిపోయాడు. మంచం పక్కన గ్లాసు, చీటీ, ఫోను ఉన్నాయి. పోస్టుమార్టం డాక్టరు పని. ఫోరెన్సిక్ మెడిసిన్ కావాలంటే ఎంబీబీఎస్ చేసి, ఆపైన ఎండీ చదవాలి. ఫోరెన్సిక్ బీఎస్సీతో ఆ గదిలోకి దారి లేదు. చాలామంది పిల్లలు పొరబడేది ఇక్కడే.

డాక్టరు పొట్ట, కాలేయం, కిడ్నీ ముక్కలు సీసాల్లో వేసి, కుళ్లిపోకుండా చిక్కటి ఉప్పునీళ్లు పోసి, లక్క సీలు వేస్తారు. వాటిని కానిస్టేబుల్ ఎఫ్‌ఎస్‌ఎల్‌కి, అంటే ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబుకి తెస్తాడు. అక్కడ విషాలను పరీక్షించే టాక్సికాలజీ విభాగంలో మొదటి పని సీలు చెక్కుచెదరలేదని చూసి రాసుకోవడం. సీలు తేడాగా ఉంటే తర్వాత ఎంత గొప్ప పరీక్ష చేసినా డిఫెన్స్ లాయరు ఊరుకోడు. ఆ తర్వాత ముక్కల్ని మెత్తగా చేసి, ద్రావణితో మందును బయటికి లాగుతారు. దాన్ని సిలికా పూసిన పలక మీద చుక్క పెట్టి, మచ్చ ఎంత ఎత్తుకు పాకిందో చూసి, తెలిసిన మందు మచ్చతో పోలుస్తారు. రసాయనాలను విడదీసి ఏది ఏదో గుర్తుపట్టే జీసీ–ఎంఎస్ యంత్రంలో మళ్లీ సరిచూస్తారు. ఇదంతా అచ్చమైన కెమిస్ట్రీ.

చీటీ డాక్యుమెంట్స్ విభాగానికి, ఫోను కంప్యూటర్ వాళ్ల దగ్గరికి పోతాయి. గ్లాసు మీది వేలిముద్రను మాత్రం పోలీసు శాఖలోని ఫింగర్‌ప్రింట్ బ్యూరో చూస్తుంది. 1897లో కలకత్తాలో బ్యూరో పెట్టిన నాటి నుంచీ అది పోలీసుల సొంత విద్య.

ల్యాబు పోస్టులు కూడా ఈ గదుల లెక్కనే పడతాయి. ఫిజిక్స్ వాళ్లకు కొన్ని, కెమిస్ట్రీ వాళ్లకు కొన్ని, బయాలజీ, కంప్యూటర్ వాళ్లకు కొన్ని. అందుకే కాలేజీ బ్రోచర్ కంటే ముందు పాత నోటిఫికేషన్‌లో అర్హతల పేజీ చదవండి. నా మాటైతే, బీఎస్సీ ఒక గట్టి సబ్జెక్టుతో చేసి, ఎమ్మెస్సీలో ఫోరెన్సిక్‌కి రావడం మేలు. ఉస్మానియాలో ఆ ఎమ్మెస్సీ ఉంది. గాంధీనగర్‌లో జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది. ఒకవేళ మధ్యలో మనసు మారినా ఫార్మా కంపెనీల తలుపులు తెరిచే ఉంటాయి.

పని పెరుగుతున్న మాట నిజమే. 2024 జులై 1న వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలి. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఉంది. అలాగని రేపే పోస్టులు పడతాయని లెక్కలేసుకోకండి.

ఇక అమ్మాయిని ఒక్కమాట అడగండి: భయం సబ్జెక్టంటేనా, లెక్చరరంటేనా? ప్రాక్టికల్స్‌లో సాల్ట్ ఎనాలిసిస్ ఇష్టంగా చేస్తుంటే కెమిస్ట్రీ ఉన్న బీఎస్సీకి ధైర్యంగా పంపండి. అదీ నచ్చదంటే జెనెటిక్స్ వైపు వెళ్లి డీఎన్‌ఏ విభాగం చూసుకోవచ్చు. అక్కడా కెమిస్ట్రీ పూర్తిగా తప్పదు, కాకపోతే కాస్త తక్కువ.