ఆ 20 ఎందుకు వేసినట్టు?

ఈసారి పోకర్ ఆడేవాళ్ళ నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మాట: “కాల్ చేసి (ఎదుటివాడి బెట్‌కి సమానంగా కట్టి) తప్పు చేశానా?” వాటిలో ఒకరు మాత్రం మొదటి బెట్ నుంచి చివరి బెట్ దాకా అన్నీ అంకెలతో రాసి పంపారు. అందుకని ఆయనకే ఎక్కువ చోటిస్తున్నాను. అంకెలన్నీ బిగ్ బ్లైండ్లలోనే (ముక్కలు చూడకముందే ఒకరు కట్టాల్సిన పందెం, అదే ఇక్కడ ఒకటి) ఉన్నాయి కాబట్టి టేబుల్ మీది పందాలు పెద్దవైనా చిన్నవైనా లెక్క మారదు.

ప్రశ్న: మాస్టారూ, ఆన్‌లైన్‌లో ఆరుగురి టేబుల్. ఇద్దరి దగ్గరా 100 ఉన్నాయి. నేను బటన్ మీద (బల్ల మీద ముక్కలు తెరిచాక చివర ఆడే చోట) ఉన్నాను, చేతిలో ఇస్పేటు ఆసు, డైమండ్ రాణి. 2.5కి రెయిజ్ చేశాను (పందెం పెంచాను). బిగ్ బ్లైండ్ కట్టినవాడు ఒక్కడే కాల్ చేశాడు. ఫ్లాప్‌లో (బల్ల మీద తెరిచే మొదటి మూడు ఉమ్మడి ముక్కలు) ఆఠీను రాణి, ఆఠీను 8, కళావరు 4. అతను చెక్ (బెట్ వేయకుండా వదిలేశాడు), నేను 3, అతను కాల్. టర్న్‌లో (నాలుగో ముక్క) ఇస్పేటు 2. చెక్, నేను 8, కాల్. రివర్‌లో (అయిదోది, చివరి ముక్క) ఆఠీను జాకీ. మళ్ళీ చెక్. నేను 20 వేశాను. అతను మిగిలిన 86.5 మొత్తం తోసేశాడు. టైమర్ అయిపోయేదాకా ఆలోచించి కాల్ చేశాను. ఆఠీను 7, ఆఠీను 6 చూపించాడు. నా కాల్ తప్పా, లేక స్నేహితులన్నట్టు బ్యాడ్ లక్కేనా?

జవాబు: కాల్ తప్పే. కానీ మీరు అడగాల్సింది కాల్ గురించి కాదు, దానికి ముందు వేసిన 20 గురించి. దాని ఊసు మీ ఉత్తరంలో “20 వేశాను” అన్న రెండు మాటల్లోనే అయిపోయింది.

ముందు నా పద్ధతి చెప్తాను. హ్యాండ్‌ని (ఆడిన ఒక ఆటని) మళ్ళీ నడిపించి చూసేటప్పుడు, స్క్రీన్ మీద ఎదుటివాడి ముక్కలు కనబడే చోట ఒక చిన్న కాగితం ముక్క అంటిస్తాను. చూడటానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కానీ 7, 6 కళ్ళ ముందు కనబడుతుంటే ప్రతి బెట్టూ తప్పులాగే ఉంటుంది. ఆడినప్పుడు మీకు తెలిసింది మీ రెండు ముక్కలు, బల్ల మీదివి, అతను ఎప్పుడు చెక్ చేశాడో ఎప్పుడు కాల్ చేశాడో, అంతే. మీ హ్యాండ్‌ని కూడా అలాగే కాగితం అంటించి చూశాను.

ఫ్లాప్‌లో 3కి వంక పెట్టేదేమీ లేదు. టర్న్‌లో 8 ఇంకా బాగుంది. అప్పటికి పాట్ (మధ్యలో పోగైన మొత్తం) 11.5. మీకంటే చిన్న రాణులు కాల్ చేస్తాయి, 8 జోడీలు కొన్ని కాల్ చేస్తాయి, ఆఠీను ముక్కలు రెండు పట్టుకున్నవాడు కాల్ చేస్తాడు. వీళ్ళందరి మీదా మీరే ముందున్నారు. కాబట్టి బెట్ వేయాలి, వేశారు.

ఇక రివర్. పాట్ 27.5. మూడో ఆఠీను పడింది, చేతిలో రెండు ఆఠీనులున్నవాడికి ఫ్లష్ (ఒకే రంగు ముక్కలు అయిదు) కుదిరింది. అది జాకీ కావడంతో 10–9 పట్టుకున్నవాడికి 8 నుంచి రాణి దాకా వరస కూడా కుదిరింది. అతను చెక్ చేశాడు. ఇక్కడ మౌస్ మీంచి చెయ్యి తీసి ఒక్క ప్రశ్న వేసుకోవాలి: నేను 20 వేస్తే నాకంటే తక్కువవాళ్ళలో ఎవరు కాల్ చేస్తారు?

లెక్కపెడదాం. రాణులు నాలుగింటిలో ఒకటి మీ చేతిలో, ఒకటి బల్ల మీద. మిగిలినవి రెండే. రాజు–రాణి రావడానికి నాలుగు రాజులు, రెండు రాణులు కలిపి 8 విధాలు. రాణి–10 ఇంకో 8, రాణి–9 ఇంకో 8. మొత్తం 24. వీళ్ళలో ఎంతమంది ఈ బోర్డ్ మీద 20 పెడతారు? సగం పెడతారనుకుందాం, అది కూడా ఉదారంగానే. 12.

ఇప్పుడు మిమ్మల్ని కొట్టేవాళ్ళు. బయట ఉన్న ఆఠీను ముక్కలు 10. పదింటిలోంచి రెండేసి చొప్పున 45 జతలు. అందులో పనికిమాలిన ముక్కలు ఫ్లాప్‌కి ముందే పోతాయి, బాగా పెద్దవి ముందే రెయిజ్ చేసి ఉంటాయి. ఎంత తీసేసినా ఓ 25 మిగులుతాయని నా అంచనా. రాణి–జాకీ (రెండు జోడీలు) 6. 8ల జోడీ చేతిలో ఉన్నవాడు (బల్ల మీదిదాంతో కలిపి మూడు 8లు) 3, 4ల జోడీ ఉన్నవాడు 3. వరస కుదిరినవాళ్ళని వదిలేసినా 37 అయింది. అంటే మీ 20కి చేతులెత్తేవాళ్ళు ఎక్కువగా మీకంటే చిన్నవాళ్ళు, డబ్బు పెట్టేవాళ్ళు ఎక్కువగా మీకంటే పెద్దవాళ్ళు.

“ఫ్లష్ వచ్చినవాడైతే తనే ముందు వేసేవాడు కదా, చెక్ ఎందుకు చేస్తాడు?” అంటారేమో. మీరు అప్పటికే రెండుసార్లు వేశారు. మూడోసారీ వేస్తారని అతను కూర్చుని ఎదురుచూస్తున్నాడు. మీరు వేశారు కూడా.

నేనైతే ఏం చేసేవాణ్ణి? చెక్ చేసి ముక్కలు చూపించేవాణ్ణి. లేదంటే 7, 8 మధ్య చిన్న బెట్. ఆ ధరకి 24 రాణుల్లో చాలామంది వస్తారు, కొత్తగా జాకీ జోడీ కుదిరినవాడు కూడా మొహమాటపడి వస్తాడు. ఆ చిన్న బెట్ మీద రెయిజ్ వస్తే నిద్రలో కూడా ఫోల్డే (ముక్కలు వదిలేయడమే).

మీరు 20 ఎందుకు వేశారో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ చాలాకాలం అదే చేశాను. స్క్రీన్ కింద బెట్ సైజులకి రెడీగా మీటలుంటాయి కదా, సగం పాట్, ముప్పావు పాట్ అని. ఫ్లాప్‌లో నొక్కాను, టర్న్‌లో నొక్కాను, రివర్‌లో వేలు తనంతట తనే అక్కడికి పోయేది. మీ 20 కూడా దాదాపు ముప్పావే, గమనించారా? చివరికి నేను సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆ మీటలన్నీ తీసేశాను. ఇప్పుడు ప్రతి బెట్ అంకె వేసి టైప్ చేస్తాను. రెండు సెకన్లు పడుతుంది. ఆ రెండు సెకన్లలో రివర్ బెట్లు చాలా మానుకున్నాను.

సరే, 20 వేసేశారు, అతను తోశాడు. ఇప్పుడు కాల్. మీరు ఇంకా 66.5 పెట్టాలి, పెడితే పాట్ మొత్తం 200.5 అవుతుంది. 66.5ని దాంతో భాగిస్తే 33 శాతం. అంటే మూడుసార్లకి ఒకసారి అతను ఉత్తి చేతులతో తోసి ఉండాలి. నిజమైన చేతులు ఓ 30 అనుకుంటే బ్లఫ్‌లు 15 కావాలి. ఏవవి? ఆఠీను డ్రా (ఇంకో ఆఠీను పడితే ఫ్లష్ అయ్యే చేయి) తగిలేసింది, 10–9 కూడా తగిలేసింది. తగలకుండా మిగిలినవి 7–6, 6–5 లాంటివి, అవి కూడా వేరే రంగులవి. వాటితో టర్న్‌లో 8 కాల్ చేసి, రివర్‌లో ప్రాణాలకి తెగించేవాళ్ళు ఎంతమంది? నాకు వేళ్ళ మీద అయిదు కూడా లెక్కకి రాలేదు. పైగా మీ చేతిలో ఒక్క ఆఠీను కూడా లేదు. ఇస్పేటు ఆసు బదులు ఆఠీను ఆసు ఉండి ఉంటే బయట ఆఠీనులు 9కి తగ్గి, ఆ 45 జతలు 36 అయ్యేవి, అందులో అన్నిటికంటే పెద్ద ఫ్లష్ అతనికి ఉండే వీలే ఉండేది కాదు. అప్పుడు కాసేపు ఆలోచించాల్సిందే. ఈ చేతితో అక్కర్లేదు.

ఇంతా అయ్యాక కాగితం తీసి చూశాను. టర్న్‌లో అతనికి పనికొచ్చేవి 9 ఆఠీనులు, ఆఠీను కాని 5లు మూడు, మొత్తం 12. అతనికి కనబడని 46 ముక్కల్లో 12 అంటే 26 శాతం. మీ 8కి కాల్ చేయాలంటే 29 శాతం కావాలి. మీరు అతని చేత కాస్త ఎక్కువ ధర కట్టించారు, నిజానికి అతను నష్టానికి కాల్ చేశాడు. ఆ నష్టాన్ని రివర్‌లో మీరే పూడ్చిపెట్టి, పైన ఇంకా ఇచ్చారు. బ్యాడ్ లక్ అంటే జాకీ పడటం వరకే. ఆ తర్వాతి 86.5 మీ స్వంతం.

ప్రశ్న: టర్న్‌లో నాకు ఫ్లష్ డ్రా. పాట్ 20 ఉంటే ఎదుటివారు 10 వేశారు. ఫ్లష్ డ్రాకి 35 శాతం అని చదివాను, నాకు కావలసింది 25 శాతమే కాబట్టి కాల్ చేశాను. అయినా ఇలాంటివి ఎప్పుడూ నష్టమే వస్తున్నాయి. ఎందుకంటారు?

జవాబు: అమ్మా, మీ 25 కరెక్ట్. 10 పెడితే పాట్ 40 అవుతుంది, నాలుగో వంతు. తేడా 35 దగ్గర ఉంది. అది ఫ్లాప్‌లో ఉన్నప్పటి లెక్క, ఇంకా రెండు ముక్కలు రావాల్సి ఉన్నప్పుడు, ఆ రెండూ ఇంకేమీ కట్టకుండా చూడగలిగినప్పుడు. టర్న్‌కి వచ్చాక మిగిలింది ఒక్క ముక్కే. 46లో 9, అంటే 19.6 శాతం. నోటి లెక్కగా గుర్తు పెట్టుకోవాలంటే, ఒక్క ముక్క రావాల్సి ఉంటే 9ని 2తో హెచ్చించండి, రెండు రావాల్సి ఉంటే 4తో. కచ్చితం కాదు గానీ ఆటలో సరిపోతుంది.

అలాగని ఫోల్డ్ చేసి తీరాలని కాదు. మీ ఫ్లష్ తగిలిన ప్రతిసారీ రివర్‌లో వాళ్ళ దగ్గర్నుంచి సగటున ఇంకో 11 రాబట్టగలిగితే ఈ కాల్ సమానంగా వచ్చేస్తుంది. వాళ్ళ దగ్గర ఇంకా 60, 70 ఉన్నాయా? జోడీ వదులుకోలేని మనిషా? అయితే కాల్ చేయండి. మిగిలింది 6 అయితే ఆ 11 ఎక్కణ్ణుంచి వస్తుంది?

ప్రశ్న: వరసగా ఓడిపోయి, పోయింది రాబట్టుకుందామని మామూలుగా ఆడేదానికి నాలుగు రెట్లు పెద్ద టేబుల్‌కి వెళ్ళాను. అక్కడ రాజుల జోడీతో ఓడిన హ్యాండ్ జతచేస్తున్నాను. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

జవాబు: హ్యాండ్ తెరవలేదు తమ్ముడూ. తప్పు టేబుల్ మారినప్పుడే జరిగింది. ఒక నెల ఆట పక్కన పెట్టి, అప్పుడు కూడా చూడాలనిపిస్తే పంపించు.

ప్రశ్న: రివర్‌లో పాట్ 30 ఉన్నప్పుడు 15 వేసి బ్లఫ్ చేస్తుంటాను. ఈ వారం మూడుసార్లు చేస్తే రెండుసార్లు దొరికిపోయాను. నాకు బ్లఫ్ చేతకాదని మానేయనా?

జవాబు: మూడింట్లో రెండు దొరికితే మీరు పోగొట్టుకున్నది సున్నా. రెండుసార్లు 15 చొప్పున 30 పోయింది, ఒక్కసారి 30 వచ్చింది. సగం పాట్ బ్లఫ్ మూడింట ఒకసారి పారితే చాలు. దొరికినప్పుడు అందరి ముందూ ముక్కలు బయటపడతాయి కాబట్టి సిగ్గుగా ఉంటుంది, పారినప్పుడు ఎవరికీ తెలియదు. ఈ రెండింటికీ మనసు వేసే మార్కులు సమానం కాదు.

అయినా మూడు బ్లఫ్‌లతో ఏదీ తేలదు. ఏ చేతులతో చేశారో రాయండి, అది ముఖ్యం.

ప్రశ్న: సాల్వర్ (హ్యాండ్ ఎలా ఆడాలో లెక్కగట్టి చెప్పే) ప్రోగ్రామ్‌లో ఒక హ్యాండ్ పెడితే “60 శాతం బెట్, 40 శాతం చెక్” అంటోంది. ఇంతకీ ఏది చేయాలి?

జవాబు: ఏదైనా. రెండూ కలిపి చెప్పిందంటే రెండింటి విలువా ఇంచుమించు సమానమని. జనం ఇలాంటి చోట గంటలు గంటలు తల బద్దలు కొట్టుకుంటారు, అది ఏమాత్రం తేడా లేని చోట. సాల్వర్ “ఎప్పుడూ చెక్” అన్నచోట మీరు బెట్ వేస్తుంటే, అక్కడ ఆగి చూడండి. ఇంకోటి, మీరిచ్చిన రేంజ్‌కే అది జవాబు చెప్తుంది. ఎదుటివాడు ఏ ముక్కలతో ఆడతాడో తప్పుగా ఇస్తే, తప్పు ప్రశ్నకి కరెక్ట్ జవాబు వస్తుంది.

యంత్రాల దగ్గర నేర్చుకునేది లేదనడం లేదు. 2017లో లిబ్రాటస్ అనే ప్రోగ్రామ్ నలుగురు ప్రొఫెషనల్స్‌తో ఒక్కొక్కరితో ముఖాముఖి, మొత్తం 1,20,000 హ్యాండ్లు ఆడి గెలిచింది. అది పాట్‌కి మించిన బెట్లు ధారాళంగా వేసేది. ఆ తర్వాతే నేనూ పెద్ద బెట్లని వింతగా చూడటం మానేశాను. కానీ ఆట జరుగుతుండగా సాల్వర్ తెరిచి పెట్టుకోవడం మాత్రం మోసం. మీరు అలా చేస్తున్నారని కాదు, అడిగారు కాబట్టి చెప్తున్నాను.

ప్రశ్న: క్షణంలో బెట్ వేస్తే ఒక అర్థం, ఆలస్యంగా వేస్తే ఇంకో అర్థం అంటారు. ఎంతవరకు నమ్మొచ్చు?

జవాబు: చాలా కొంచెం. అవతలి మనిషి ఒకేసారి ఆరు టేబుళ్ళు ఆడుతుండొచ్చు, నెట్ వేలాడుతుండొచ్చు. మిగతా లెక్కలన్నీ సమానంగా వచ్చి ఎటూ తేలనప్పుడు మాత్రమే దీన్ని చూస్తాను. ఒకసారి నేను టర్న్‌లో ఫుల్ హౌస్ (చాలా పెద్ద చేయి) పట్టుకుని, టైమర్ దాదాపు అయిపోయేదాకా ఆగి బెట్ వేశాను. ఎదుటాయన కాల్ చేసి ఓడి, చాట్‌లో రాశాడు: “అంతసేపు ఆలోచించావంటే బ్లఫ్ అనుకున్నాను.” నిజానికి అంతసేపూ నేను తలుపు తీయడానికి వెళ్ళాను.