టెక్సస్‌లో పోలీసులు మీ కారు ఆపి పిస్టల్ తీసుకుంటే

క్యారీ లైసెన్స్ (పిస్టల్ వెంట ఉంచుకోవడానికి అనుమతి) చూపించినా పోలీసు మీ పిస్టల్ తీసుకుని, తూటాలు వేరుచేసి ఇచ్చాడు, అది చెల్లుతుందా అని అడిగారు కదండీ. టెక్సస్‌లో చెల్లుతుంది. రాష్ట్ర చట్టమైన గవర్నమెంట్ కోడ్‌లోని 411.207 సెక్షన్ ప్రకారం పోలీసు మీ రక్షణకో, తన రక్షణకో, ఇతరుల రక్షణకో అవసరమని సహేతుకంగా నమ్మితే తీసుకోవచ్చు. అరెస్టు చేయకపోతే, ముప్పు లేదనుకుంటే, మిమ్మల్ని పంపించే ముందే తిరిగివ్వాలి.

ఈసారి ఆపితే లోపలి లైటు వేసి, చేతులు స్టీరింగ్ మీదే ఉంచండి. ఐడీ అడిగితే 411.205 ప్రకారం క్యారీ లైసెన్స్ కూడా చూపాలి. కానీ "గన్ ఉంది" అని మొదలుపెట్టకండి. "నాకు క్యారీ లైసెన్స్ ఉంది, పిస్టల్ కుడి నడుము దగ్గర ఉంది, ఏం చేయమంటారు?" అనండి. పర్సు కూడా అటువైపే పెట్టుకుంటే అసలు చిక్కు అదే, లైసెన్స్ కోసం చెయ్యి పెడితే పిస్టల్ తీస్తున్నట్టు కనిపిస్తుంది. పర్సు ఎడమవైపుకు మార్చండి. పిస్టల్‌ను మీరు ముట్టుకోవద్దు, ఆయన్నే తీసుకోనివ్వండి, వీలైతే హోల్‌స్టర్‌తో (పిస్టల్ పెట్టుకునే తొడుగుతో) సహా. చేతులు మారేటప్పుడే పొరపాటున పేలే ప్రమాదం ఎక్కువ. తిరిగిచ్చాక ఆయన వెళ్లేదాకా లోడ్ చేయకండి. అభ్యంతరముంటే రోడ్డు మీద వాదించకుండా తర్వాత రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.