బీకాం బిడ్డ విశాఖకు పోతానంటోంది, పంపాలా?

ప్రశ్న: మాది నర్సంపేట. ఏనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తిలో గుమాస్తాగా పని చేస్తున్నాను. మా బిడ్డ హన్మకొండలో బీకాం కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతోంది. ఎంబీఏ విశాఖపట్నంలోనే చేస్తానని పట్టుబట్టింది. గూగుల్ వస్తోంది, టీసీఎస్ వస్తోంది, పోర్టు ఉంది, ఇకమీదట ఉద్యోగాలన్నీ అక్కడే అంటోంది. వాళ్ల మేనమామ హైదరాబాద్‌లో ఉంటాడు. ఇక్కడ లేని ఉద్యోగం అక్కడేముంది అని ఆయన కోప్పడుతున్నాడు. కంపెనీలు నిజంగా అక్కడికి ఎందుకు పోతున్నాయి? బీకాం పిల్లకు అక్కడ పని దొరుకుతుందా? ఫీజు కట్టే ముందు ఒక మాట చెప్పండి సార్.

జవాబు: గూగుల్ వార్త చూసి పంపేటట్టయితే వద్దు. పోర్టు పని నేర్చుకోవడానికి పోతానంటే పంపండి. ఎందుకు ఇట్లా అంటున్నానో తెలియాలంటే ముందు ఆ ఊరు దేని మీద బతుకుతుందో చూడాలి.

మీరు మార్కెట్ మనిషి కాబట్టి తొందరగా అర్థమవుతుంది. ఏనుమాములలో మిర్చి పండదు. కానీ అక్కడికి మిర్చి వస్తుంది కాబట్టి అడ్తి దుకాణాలున్నాయి, దడ్వాయిలున్నారు, హమాలీలున్నారు, లారీ ట్రాన్స్‌పోర్టులు, కోల్డ్ స్టోరేజీలు, బ్యాంకులు ఉన్నాయి. విశాఖ కూడా అట్లాంటి ఊరే, సరుకు మాత్రం మరీ పెద్దది. 1933లో ఆ పోర్టు మొదలైందే ఇప్పటి మధ్యప్రదేశ్, మహారాష్ట్ర వైపు గనుల మాంగనీస్‌ను ఓడల్లోకి ఎక్కించడానికి. డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డుగా ఉండటంతో లోపల నీళ్లు నిమ్మళంగా ఉంటాయి, ఓడలకు అది సహజంగా దొరికిన ఆశ్రయం. తర్వాత 1960లలో బైలాడీలా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడం కోసం కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండల్ని తొలిచి రైలు మార్గం వేశారు. ఇప్పుడు అరకు పోయేవాళ్లు ఫొటోలు తీసుకునే సొరంగాలు ఆ ఖనిజం కోసం తవ్వినవే. ఒడిశాలోని దామన్‌జోడి నుంచి నాల్కో అల్యూమినా కూడా ఇక్కడి నుంచే ఓడ ఎక్కుతుంది. సముద్రం లేని నేపాల్‌కు కూడా కొంత సరుకు ఈ రేవు మీదుగానే పోతుంది.

కంపెనీలు సముద్రం ఒడ్డును ఎందుకు వెతుక్కుంటాయో ఇందులోనే ఉంది. స్టీల్ ప్లాంట్‌కు కావలసిన కోకింగ్ కోల్, అంటే ఉక్కు తయారీకి వాడే బొగ్గు, ఆస్ట్రేలియా లాంటి చోట్ల నుంచి ఓడలో వస్తుంది. 1957 నుంచి నడుస్తున్న రిఫైనరీకి ముడి చమురు కూడా అంతే. అదే ప్లాంట్‌ను మన దగ్గర పెడితే ప్రతి టన్నుకూ రైలు కిరాయి అదనం. కిరాయి మిగిలే చోట ఫ్యాక్టరీ నిలబడుతుంది, ఫ్యాక్టరీ చుట్టూ చిన్న కంపెనీలు చేరతాయి. పరవాడ ఫార్మా సిటీలో, అచ్యుతాపురం సెజ్‌లో జరిగింది అదే. శ్రీలంక కంపెనీ బ్రాండిక్స్ బట్టల ఫ్యాక్టరీలు అచ్యుతాపురంలో పెట్టింది, అక్కడ పని చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. తూర్పు నౌకాదళం కేంద్రం అక్కడే ఉంది. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ మొదలుపెట్టిన ఓడల కర్మాగారం, ఇప్పటి హిందుస్థాన్ షిప్‌యార్డ్, అక్కడే ఉంది. 1926 నాటి ఆంధ్ర యూనివర్సిటీ ఏటా చదువుకున్న పిల్లల్ని అందిస్తోంది. రేవు, రైలు, చదువుకున్న మనుషులు ఒకే చోట దొరికే ఊళ్లు మన దేశంలో ఎక్కువ లేవు. నీతి ఆయోగ్ నగరాల ఆర్థిక ప్రణాళిక కోసం ముందుగా ఎంచుకున్న నాలుగు ప్రాంతాల్లో ముంబై, సూరత్, వారణాసిల పక్కన విశాఖను చేర్చడానికి కారణం ఇదే అనుకుంటున్నాను.

ఇక్కడ మీకు దగ్గరి మాట ఒకటి. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో ఉద్యమం చేసి తెచ్చుకున్న ఆ స్టీల్ ప్లాంట్‌కు 1971లో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేస్తే, 1992లో జాతికి అంకితం చేసింది మీ నర్సంపేట పక్కన లక్నేపల్లిలో పుట్టిన పీవీ నరసింహారావు గారు. అంటే రాయి వేసినప్పటి నుంచి 21 ఏళ్లు. అదే ప్లాంట్‌ను అమ్మేస్తామని 2021లో కేంద్రం అంది, 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. శంకుస్థాపన ఫొటో పేపర్లో పడ్డ రోజును లెక్కపెట్టుకుని బిడ్డ చదువు నిర్ణయించొద్దనడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

గూగుల్ సంగతి కూడా అదే చూపుతో చూడండి. 2025 అక్టోబర్‌లో వాళ్లు ప్రకటించింది ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి, అదానీ, ఎయిర్‌టెల్‌లతో కలిసి. నిజమైన ప్రకటనే, చిన్నది కాదు. సముద్రం అడుగు నుంచి వచ్చే ఇంటర్నెట్ కేబుళ్లు ఇప్పటిదాకా ఎక్కువగా ముంబై, చెన్నైలలో ఒడ్డెక్కేవి, ఇకమీదట విశాఖలోనూ ఎక్కుతాయి. అయితే డేటా సెంటర్ అంటే సాఫ్ట్‌వేర్ ఆఫీసు కాదు. కట్టేటప్పుడు వేలమందికి పని ఉంటుంది. కట్టడం అయిపోయాక లోపల మిషన్లే ఎక్కువ, మనుషులు తక్కువ. ఆ తక్కువ మందిలోనూ కరెంటు, కూలింగ్, నెట్‌వర్క్ తెలిసినవాళ్లకే పని. బీకాం పిల్లకు నేరుగా దక్కేది అక్కడ పెద్దగా లేదు. టీసీఎస్‌కు 99 పైసల నామమాత్రపు ధరకు భూమి ఇచ్చారని చదివే ఉంటారు. అట్లాంటి ఆఫీసులు వస్తే అకౌంట్స్, బీపీవో వైపు ఉద్యోగాలు ఉంటాయి, కానీ అవే ఉద్యోగాలు హైదరాబాద్‌లో ఇప్పటికే చాలా ఎక్కువ ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో వాళ్ల మేనమామ కోపం న్యాయమే.

మరి విశాఖలో ఉండి, హైదరాబాద్‌లో అంత లోతుగా దొరకనిది ఏమిటంటే, ఓడ పక్కన చేసే కాగితాల పని. దీని గురించి మన వైపు పిల్లలకు ఎవరూ చెప్పరు. కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీ మార్కెట్ నుంచే ఒక ఎక్స్‌పోర్టర్ ఒక కంటైనర్ ఎండు మిర్చి బయటి దేశానికి పంపుతున్నాడనుకోండి. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు తయారు కావాలి. సరుకుకు సరైన హెచ్‌ఎస్ కోడ్, అంటే ఏ సరుకో చెప్పే అంతర్జాతీయ నంబరు, వేయాలి, ఎండు మిర్చి అయితే 0904 కింద వస్తుంది. పురుగూ తెగులూ లేవని ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కావాలి. కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ పోర్టల్‌లో షిప్పింగ్ బిల్లు, అంటే ఎగుమతి డిక్లరేషన్, వేయాలి. కస్టమ్స్ అధికారి ఒప్పుకుని లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్, అంటే ఎగుమతికి అనుమతి, ఇస్తేనే కంటైనర్ ఓడ ఎక్కుతుంది. ఎక్కాక షిప్పింగ్ లైన్ బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు ఓడ ఎక్కినట్టు రసీదు, ఇస్తుంది. అది, మిగతా కాగితాలు బ్యాంకులో పెడితే, అవి లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో, అంటే కొనేవాడి బ్యాంకు ఇచ్చిన చెల్లింపు హామీలో, రాసినదానితో అక్షరం తేడా లేకుండా కలిస్తేనే డబ్బు చేతికొస్తుంది. ఆ తర్వాత జీఎస్టీ రీఫండ్, డ్రాబ్యాక్ (కట్టిన సుంకం తిరిగి రాబట్టుకోవడం) లెక్కలు. ఒక్క అంకె తప్పితే కంటైనర్ యార్డులోనే ఆగిపోతుంది, రోజురోజుకూ డెమరేజీ, అంటే ఆలస్యపు కిరాయి, పెరుగుతుంది. ఇది చేసేవాళ్లను సీహెచ్‌ఏ (కస్టమ్స్ బ్రోకర్) ఆఫీసులు, సరుకు రవాణా ఏర్పాట్లు చూసే ఫ్రైట్ ఫార్వర్డర్లు, షిప్పింగ్ ఏజెన్సీలు, ఎక్స్‌పోర్ట్ కంపెనీలు తీసుకుంటాయి. డాక్యుమెంటేషన్ ఎగ్జిక్యూటివ్ అనో, ఆపరేషన్స్ అసిస్టెంట్ అనో పేరు ఉంటుంది. కామర్స్ చదివి, అంకెలు ఓపికగా చూసే పిల్లకు సరిపోయే పని ఇది.

తియ్యగా మాత్రం చెప్పను. మొదట్లో జీతం సాధారణంగా ఉంటుంది. ఓడ టైం ప్రకారం పని, అందుకని రాత్రి పూట ఫోన్లు, నెలాఖర్లో టెన్షన్ తప్పవు. పైకి పోవాలంటే కస్టమ్స్ బ్రోకర్ పరీక్షలు ఉన్నాయి. ఏదైనా బ్రోకర్ దగ్గర పనిలో ఉండి పరీక్ష పాసైతే జీ కార్డు, అంటే కస్టమ్స్ పని చేయడానికి గుర్తింపు కార్డు, వస్తుంది. సొంత లైసెన్సు కావాలంటే ఇంకా పెద్ద పరీక్ష రాయాలి. ఎంబీఏ పేరు పక్కన లేకపోయినా జీ కార్డు ఉన్న మనిషికి ఈ రంగంలో గౌరవం ఉంటుంది. నన్నడిగితే, సాధారణ ఎంబీఏ కంటే అదే మేలు.

ఈ పని నేర్చుకుంటే మీ బిడ్డ జీవితాంతం విశాఖలోనే ఉండాలని ఏమీ లేదు. సముద్రం లేని తెలంగాణకు కూడా కస్టమ్స్ ఉంది. సనత్‌నగర్‌లో, తిమ్మాపూర్‌లో ఇన్‌లాండ్ కంటైనర్ డిపోలు ఉన్నాయి, సరుకు అక్కడే కస్టమ్స్ చూసుకుని రేవుకు పోవచ్చు. కరీంనగర్ గ్రానైట్ ఏళ్ల తరబడి కాకినాడ రేవు నుంచి చైనాకు పోతోంది. గీసుగొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు కొరియా కంపెనీ యంగ్‌వన్ వచ్చింది, వాళ్ల వ్యాపారమే ఎక్స్‌పోర్ట్. 2025లో మన చపాటా మిర్చికి జీఐ గుర్తింపు వచ్చింది. వీటన్నిటికీ షిప్పింగ్ కాగితాలు తెలిసినవాళ్లు కావాలి. వరంగల్‌లో అట్లాంటివాళ్లు తక్కువ. విశాఖలో నాలుగైదేళ్లు చేసి తిరిగొచ్చే పిల్లకు ఇక్కడ పోటీ పెద్దగా ఉండదు.

ఇక చదువు. ఎంబీఏ ప్రవేశ పరీక్ష అయిన మన టీజీ ఐసెట్ ర్యాంకుతో ఆంధ్ర యూనివర్సిటీలో సీటు రాదు, ఏపీ ఐసెట్ విడిగా రాయాలి. అక్కడ మీ బిడ్డ స్థానికేతరురాలు కాబట్టి అందే సీట్లు కొద్దే. మన రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ పక్క రాష్ట్రం కాలేజీకి వస్తుందని అనుకుని లెక్క వేయకండి, సంక్షేమ శాఖ ఆఫీసులో ముందే అడిగి తేల్చుకోండి. ఐఐఎం విశాఖపట్నం ఉంది, దానికి క్యాట్ రాయాలి. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ కేంద్ర సంస్థ, అందులో పోర్టు, షిప్పింగ్ వైపు ఎంబీఏ ఉంది, ఏ క్యాంపస్‌లో నడుస్తోందో వాళ్ల ప్రాస్పెక్టస్‌లో చూసుకోండి. ఈ కేంద్ర సంస్థల్లో స్థానికత తలనొప్పి లేదు. ఉద్యోగాల్లో ఒక చిక్కు మీరు వినే ఉంటారు. ఫ్యాక్టరీల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని ఆంధ్రప్రదేశ్ 2019లో చట్టం చేసింది. ఇట్లాంటి చట్టాన్నే హర్యానా చేస్తే 2023లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. సీహెచ్‌ఏ ఆఫీసుల్లో మాత్రం నేను చూసినంతలో పని వస్తే చాలు, ఎక్కడివాళ్లని పెద్దగా అడగరు.

నా సలహా అడిగారు కాబట్టి: డిగ్రీ కాగానే లక్షలు పోసి ఎంబీఏ వద్దు. ముందు ఒక ఏడాది ఏదైనా సీహెచ్‌ఏ లేదా ఫ్రైట్ ఫార్వర్డర్ ఆఫీసులో చేరనివ్వండి. విశాఖలో దొరికితే విశాఖలో, లేదంటే సనత్‌నగర్‌లో మేనమామ ఇంటి నుంచే. ఆ పని నచ్చితే తర్వాత పోర్టు ఎంబీఏకు పోవచ్చు, ఇంటర్వ్యూలో చెప్పడానికి తన దగ్గర సరుకు ఉంటుంది. నచ్చకపోతే పోయింది ఒక ఏడాది, అదీ జీతంతో. అకౌంట్సే ఇష్టమని తేలితే హైదరాబాదే మంచిది, కాకతీయ యూనివర్సిటీలో ఎంకాం కూడా తీసిపారేసేది కాదు.

విశాఖ మీద మీ ఇంట్లోవాళ్లకు ఉండే భయం కూడా ఊరికే పుట్టింది కాదు. 2014లో హుద్‌హుద్ తుఫాను ఊరంతటినీ అతలాకుతలం చేసింది. 2020 మేలో ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకై మనుషులు చనిపోయారు, ఫార్మా ఫ్యాక్టరీల్లో ప్రమాదాలు అప్పుడప్పుడూ వింటూనే ఉంటాం. డాక్యుమెంటేషన్ పని ఆఫీసుల్లోనే కాబట్టి ఆ ప్రమాదం తక్కువ. హాస్టల్ చూసేటప్పుడు మాత్రం ఫ్యాక్టరీల పక్కన కాకుండా చూడండి. దూరం గురించి దిగులు వద్దు, వరంగల్‌లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖ, పగలు పోవాలంటే వందే భారత్ కూడా వరంగల్‌లో ఆగుతుంది.

ఇవన్నీ విని కూడా ఏదైనా ప్రైవేటు కాలేజీలో లాజిస్టిక్స్ ఎంబీఏకే మొగ్గితే, ఫీజు కట్టే ముందు మీరిద్దరూ కలిసి అక్కడికి పోయి మూడు సంగతులు అడగండి. పోయినేడు చదివిన పిల్లలు ఏ షిప్పింగ్ ఆఫీసుల్లో చేరారు, వాళ్లలో ఇద్దరి ఫోన్ నంబర్లు ఇస్తారా. ఇంటర్న్‌షిప్ పోర్టులోనా, లేక కాలేజీ గదిలో ప్రాజెక్టు రిపోర్టేనా. పాఠం చెప్పేవాళ్లలో కస్టమ్స్ పని చేసినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా. వీటికి జవాబు చెప్పకుండా 'గూగుల్ వస్తోంది కదండీ' అంటే, డబ్బు కట్టకుండా తిరిగి రైలెక్కండి.